బాలరోగుల బాంధవుడు - డాక్టరు సిడ్నీ ఫార్బరు

రోగికి మందిచ్చుటతోనే వైద్యుని ధర్మము తీరునని తలచువారు కలరు. అట్లు తలపని ఒక వైద్యుని చరిత్రమును మా విద్యార్థులకిట సంగ్రహముగా తెలుపుచున్నాము.

సిడ్నీ ఫార్బరు 1903 సెప్టెంబరు 30వ తేదీన అమెరికాలోని బఫలో నగరమున ఒక యూదు కుటుంబమున జన్మించెను. తల్లిదండ్రుల 14 మంది సంతానములో ఈయన మూడవవాడు. 1927లో హార్వర్డు వైద్య కళాశాల పట్టము పొంది, 1929 మొదలు బోస్టనులోని పిల్లల ఆసుపత్రిలో పనిచేసెను. మరణించిన వారి శరీర భాగములను సూక్ష్మదర్శినితో పరీక్షించి రోగకారణమును నిర్ణయించుట ఆయన వృత్తి. ల్యుకేమియా యను రక్తపు క్యాన్సరు సోకిన పసివారికి ఆ కాలమున మందు లేదు. బిడ్డ గతించిన పిమ్మట కారణము చెప్పుటతో ఆయన తృప్తిపడక, బ్రతికియున్న బిడ్డల పడకల యొద్దకు వచ్చెను.

ఫోలిక్ ఆమ్లము ఈ వ్యాధిని హెచ్చించుచున్నట్లు కనుగొని, దానిని అడ్డగించు మందును ఆయన కోరెను. అట్టిదైన అమినాప్టెరిన్‌ను లెడర్లీ ప్రయోగశాలలో సిద్ధపరచిన బృందమునకు నాయకుడు భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఇది తెలుగువారు మరువరాని సంగతి. 1948 జూనులో ప్రకటింపబడిన ఫలితముల ప్రకారము 16 మంది పిల్లలలో 10 మందికి గుణము కనబడెను. అయితే అది తాత్కాలికమే; వ్యాధి మరల తిరుగబెట్టెను. బిడ్డలను వృథాగా శ్రమపెట్టుచున్నాడని తలచిన తోటివైద్యులును ఉండిరి.

దొరకిన ఆ కొలది మాసములను బిడ్డ ఎట్లు గడపవలెను? భయముతోనా, ఆప్తుల నడుమనా? ఈ ప్రశ్నను ఫార్బరు విడువలేదు. 1948 మే 22వ తేదీన అచటి క్యాన్సరు రోగియైన ఒక 12 ఏండ్ల బాలుని పడక యొద్దనుండి రేడియో కార్యక్రమమొకటి ప్రసారమయ్యెను. అసలు పేరు మరుగుపరచి అతనిని జిమ్మీ యనిరి. అతడభిమానించు బోస్టను బ్రేవ్స్ బేస్‌బాల్ ఆటగాండ్రు గదిలోనికి వచ్చి, కానుకలిచ్చి, చెలికాండ్రవలె ముచ్చటించిరి. జట్టు ఆటలు చూచుటకు అతనికొక టెలివిజను కావలెనని వినిన శ్రోతలు 2 లక్షల డాలర్లకు మించి పంపిరి. జిమ్మీ పేరిట నిధి ఏర్పడి, దాని ధనముతో కట్టిన చికిత్సాలయము 1952లో తెరువబడెను. ఆ బాలుడు స్వస్థుడై 2001 వరకు జీవించెను.

బిడ్డకు రోగము వచ్చినచో ఇల్లంతయు రోగపీడితమగునని ఫార్బరు ఎరిగియుండెను. అందుచే చికిత్స, ఆహార విషయమున సలహా, కుటుంబమునకు ఊరట ఒకే కప్పు క్రింద లభింపవలెనని నియమించి, దానికి సంపూర్ణ సంరక్షణ మని పేరిడెను. ఈయన 1973 మార్చి 30వ తేదీన పరమపదించెను.

నేడు పెక్కు దేశములలో స్వచ్ఛంద సేవకులు ఇట్టి బిడ్డలకు చెలికాండ్రై, కథలు చెప్పి, బొమ్మలు గీయించి, చదువు తప్పిపోకుండ తోడ్పడుచున్నారు. ఈ సేవకు పాండిత్యమక్కరలేదు, నియమము కావలెను. చికిత్స వలన బిడ్డకు రోగములనెదిర్చు శక్తి తగ్గును గనుక చేతులు శుభ్రముగా కడుగుకొనవలెను. జలుబున్న దినమున పోరాదు. వచ్చెదనన్న దినమున తప్పక రావలెను, ఏలయన బిడ్డ ద్వారమువంక చూచుచుండును. రోగులను దర్శించుట తనకు చేసిన సేవయే యని బోధించిన ప్రభువు బిడ్డలమైన మనకు ఈ యూదు వైద్యుని జీవితము మంచి పాఠమని మా నమ్మకము.