ఆచార్య రంగా జీవితము – స్వతంత్ర పక్షపు ఉదయాస్తమయములు

ఒంటి యెద్దుతో అరక సాగదు. పాలకపక్ష మొక్కటియే బలముగా నున్న శాసనసభయు అట్టిదే. స్వాతంత్ర్యము వచ్చిన తొలి దినములలో కాంగ్రెసు పక్షము దేశమంతట వ్యాపించి యుండెను. దానిని వామపక్షములు ఒకవైపునుండి విమర్శించుచుండెను. భూమి విషయమునను, వ్యాపార విషయమునను ప్రభుత్వ జోక్యము మితిమీరుచున్నదని తలచువారికి మాత్రము దేశమంతటను తమదని చెప్పుకొనదగిన బలమైన పక్షము లేకుండెను. ఆ లోటును తీర్చుటకై 1959లో స్వతంత్ర పక్షము పుట్టెను. ఎనిమిదేండ్లలో అది లోక్‌సభయందు అతి పెద్ద ప్రతిపక్షమయ్యెను. మరి నాలుగేండ్లకే కుప్పగూలెను. 1974 నాటికి దాని పేరు సైతము మిగులలేదు. ఆ పక్షమునకు తొలి అధ్యక్షులు మన తెలుగువారైన ఆచార్య ఎన్. జి. రంగా. వారి జీవితము నెరిగినచో ఆ పక్షము ఎట్లు పెరిగినదో, ఏల తరిగినదో బోధపడును.

రంగాగారి పూర్తి పేరు గోగినేని రంగనాయకులు. వారు 1900 సంవత్సరము నవంబరు 7వ తేదీన గుంటూరు జిల్లా నిడుబ్రోలు గ్రామమున రైతు కుటుంబమునందు జన్మించిరి. ఉన్నత విద్యకై ఇంగ్లండు వెళ్లి, ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున అర్థశాస్త్రము నభ్యసించి పట్టము పొందిరి. అచ్చట నున్న కాలమున సామ్యవాద భావములు వారి నాకర్షించెను. రష్యాదేశమున జరుగుచున్న మార్పులను గూర్చి ఆసక్తితో చదివిరి. కాని తరువాత స్టాలిను ప్రభుత్వము రైతుల భూములను బలవంతముగా సమష్టి క్షేత్రములలో కలిపివేసిన తీరు తెలిసినంతట వారి మనస్సు విరిగెను. రైతునుండి భూమిని వేరుచేయు ఏ పద్ధతియు రైతుకు మేలు చేయదను నమ్మకము అప్పటినుండి వారిలో వేరూనెను. ముప్పదేండ్ల తరువాత వారు కాంగ్రెసును వీడి క్రొత్త పక్షమున చేరుటకు మూలము ఈ నమ్మకమే.

స్వదేశమునకు వచ్చిన పిమ్మట మద్రాసు పచ్చయప్ప కళాశాలలో ఆచార్య పదవి వహించిరి. నాటినుండి ఆచార్య అనుమాట వారి పేరుతో విడదీయరానిదయ్యెను. 1930లో గాంధీమహాత్ముని పిలుపు నందుకొని జాతీయోద్యమమున ప్రవేశించిరి. వారి సహధర్మచారిణి శ్రీమతి భారతీదేవి కూడ ఆ యుద్యమమున పాల్గొనిరి. వెంకటగిరి జమీందారీ రైతుల పక్షమున రంగాగారు పోరాడిరి. నిడుబ్రోలునందు రైతుబిడ్డలకు రాజకీయ శిక్షణ నొసగు విద్యాలయమును నెలకొల్పిరి. శ్రీకాకుళము ప్రాంతపు బారువ గ్రామమునుండి వచ్చిన గౌతు లచ్చన్న అచ్చటి శిష్యులలో నొకరు. గురుశిష్యుల ఆ బంధము జీవితాంతము నిలిచెను. 1936లో అఖిల భారత కిసాన్ సభ ఏర్పడినపుడు రంగాగారు దాని స్థాపకులలో నొకరైరి. ఆ సంవత్సరాంతమున ఫైజ్‌పూరులో జరిగిన మహాసభకు అధ్యక్షత వహించిరి. జమీందారీ విధానము పోవలెనని వారు ఊరూర తిరిగి చెప్పిరి. 1948లో మద్రాసు శాసనసభ జమీందారీల రద్దు చట్టమును చేసినపుడు ఆ కృషి ఫలించెను.

రాజ్యాంగసభలో సభ్యులుగను, ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసు సంఘమునకు అధ్యక్షులుగను రంగాగారు పనిచేసిరి. కాని 1951లో ఆ అధ్యక్షపదవికి జరిగిన పోటీలో శ్రీ నీలం సంజీవరెడ్డి వారిపై గెలుపొందిరి. ఆంధ్రకేసరి ప్రకాశం పంతులుగారును, రంగాగారును కాంగ్రెసునుండి బయటకు వచ్చిరి. కాని బయటకు వచ్చిన ఇద్దరును ఒకే గూటిలో నిలువలేదు. రంగాగారు కృషికార్ లోక్ పార్టీని స్థాపించిరి. 1952 ఎన్నికలలో దానికి మద్రాసు శాసనసభయందు 15 స్థానములు లభించెను. 1955 ఆంధ్ర శాసనసభ ఎన్నికలలో కమ్యూనిస్టుల నెదుర్కొనుటకై ఈ పక్షములన్నియు కాంగ్రెసుతో నేకమై, 196 స్థానములలో 146 గెలుచుకొనెను. రంగాగారు తిరిగి కాంగ్రెసున చేరి, 1957లో తెనాలినుండి లోక్‌సభకు ఎన్నికైరి. నాయకులు కలిసినచో ఓటరు కలియును, విడిపోయినచో ఓటు చీలును అను పాఠము వారికి అప్పుడే అనుభవమునకు వచ్చెను.

1959 జనవరిలో నాగపూరునందు కాంగ్రెసు మహాసభ జరిగెను. భావికాలమున దేశమునందలి వ్యవసాయము సమష్టి సహకార పద్ధతిని సాగవలెనని ఆ సభ తీర్మానించెను. రైతులు తమ భూములను కలిపివేయవలెను. యాజమాన్యపు హక్కు రైతులకే యుండును. పంటలో భూమికి తగిన వంతు వారికి వచ్చును. పనిచేసినవారికి పనికి తగిన వంతు వచ్చును. మొదటి మూడేండ్లలో సహకార సేవాసంఘములు స్థాపించి, తరువాత ఉమ్మడి సేద్యమునకు పోవలెనని ఆ తీర్మానపు సారాంశము. కాగితముపై హక్కు మిగిలినను, గట్టు చెరిగిన పొలము రైతు చేతిలో నుండదని రంగాగారు వాదించిరి. ప్రధాని నెహ్రూగారితో ఏకీభవింపలేక కాంగ్రెసును విడిచిరి.

ఆ సమయముననే శ్రీ చక్రవర్తి రాజగోపాలాచారి క్రొత్త పక్షమునకై యత్నించుచుండిరి. రాజాజీకి అప్పటికి ఎనుబదియేండ్లు. 1959 జూనులో మద్రాసునందు స్వతంత్ర పక్ష స్థాపన ప్రకటింపబడెను. ఆగస్టులో బొంబాయి నగరమున దాని సన్నాహ మహాసభ జరిగెను. రాజాజీ అధ్యక్షపదవిని స్వీకరింపక మార్గదర్శకులుగ నుండిరి. రంగాగారు అధ్యక్షులైరి. శ్రీ మీనూ మసాని ప్రధాన కార్యదర్శియైరి. శ్రీ కె. ఎం. మున్షీవంటి పెద్దలు అండగా నిలిచిరి. ఆ పక్షపు ఎన్నికల గుర్తు నక్షత్రము.

పక్షమునకు 21 మూలసూత్రములు వ్రాసికొనిరి. వ్యక్తిస్వేచ్ఛ, ఆస్తిహక్కు, రైతు సేద్యము, పరిశ్రమలకును వ్యాపారమునకును స్వేచ్ఛ వానిలో ముఖ్యములు. అందొక సూత్రము మిక్కిలి విశేషమైనది. మూలసూత్రములలో చేరని విషయములందు ప్రతి సభ్యుడును తన ఇష్టము వచ్చినట్లు మాటాడవచ్చును, ఓటు వేయవచ్చును. మద్యనిషేధమనిన రాజాజీకి ప్రాణము. అందరును అట్టివారు కారు. భాషాసమస్య యందును ఉత్తరాదివారి దారి వేరు, దక్షిణాదివారి దారి వేరు. ఆ సూత్రము వలన భిన్నాభిప్రాయములు గలవారెల్ల ఒక్క పందిరి క్రిందికి రాగలిగిరి. ఆ సూత్రము వలననే పందిరి రాటలు గట్టిగా పాతుకొనలేదు.

నాయకత్వమునందలి చిక్కు తొలినాడే ఆరంభమయ్యెను. మార్గదర్శకులు మద్రాసులో నుండిరి. కార్యాలయము బొంబాయిలో నుండెను. అధ్యక్షులు ఆంధ్రదేశపు పల్లెలలోను, ఢిల్లీలోను తిరుగుచుండిరి. రంగాగారికి పక్షమనిన రైతుసంఘము. మసానిగారికి పక్షమనిన స్వేచ్ఛావాణిజ్యమును కోరు ఆధునిక విద్యావంతుల వేదిక. ఇక ఉత్తరాదిన చేరినవారిలో అనేకులకు పక్షమనిన తమ పూర్వపు సంస్థానపు పలుకుబడిని నిలుపుకొను సాధనము. జమీందారీలు పోవలెనని యౌవనమున పోరాడిన రంగాగారు నడివయస్సున రాజులును, జమీందారులును నిండిన సభకు అధ్యక్షత వహింపవలసి వచ్చెను. ప్రతిపక్షులు ఈ మాటనే ఎత్తిచూపి, ఇది ధనికుల పక్షమని ఊరూర ప్రచారము చేసిరి. రైతు పేరిట పుట్టిన పక్షమునకు అది తీరని అపవాదమయ్యెను.

1962లో జరిగిన మొదటి ఎన్నికలలో స్వతంత్ర పక్షము లోక్‌సభకు 173 చోట్ల పోటీచేసి 18 స్థానములు గెలిచెను. పోలైన ఓట్లలో నూటికి 7.89 వంతున దానికి వచ్చెను. ఆంధ్ర ప్రదేశ్ శాసనసభలో 19 స్థానములు లభించెను. పక్షము గెలిచినను అధ్యక్షులు ఓడిరి. తెనాలిలో రంగాగారికి పరాజయము కలిగెను. ఆ సంవత్సరమే శ్రీ మాడభూషి అనంతశయనం అయ్యంగారు బీహారు గవర్నరుగ వెళ్లుటచే చిత్తూరు స్థానము ఖాళీయయ్యెను. ఆ ఉపఎన్నికలో గెలిచి రంగాగారు లోక్‌సభలో తిరిగి ప్రవేశించిరి.

బీహారునందు జరిగినది ఆ పక్షమునకు హెచ్చరిక వంటిది. రామగఢ్ రాజావారు తమ అనుచరులతో చేరుటచే 1962లో అచ్చట శాసనసభయందు 50 స్థానములు వచ్చెను. కొంతకాలమునకు రాజావారు పక్షమును విడిచిరి. 1967లో అచ్చట మిగిలినవి 3 స్థానములు మాత్రమే. ఓటరు నక్షత్రమునకు ఓటు వేయలేదు, రాజావారికి వేసెను. రాజావారు వెళ్లగా ఓటు వారివెంట వెళ్లెను. ఊరిలో సంఘము లేక, చందా కట్టు సభ్యుడు లేక, దివాణమును నమ్ముకొనిన పక్షమునకు వేరొక గతి లేదు.

1964లో 17వ రాజ్యాంగ సవరణ వచ్చెను. రైత్వారీ భూములుకూడ భూసంస్కరణల పరిధిలోనికి వచ్చునట్లు అది చేసెను. స్వతంత్ర పక్షము దానిని తీవ్రముగ ప్రతిఘటించెను. పరిమితికి లోబడి స్వయముగ సేద్యము చేసికొను భూమిని ప్రభుత్వము తీసికొనినచో మార్కెట్టు ధర చెల్లింపవలెనను నిబంధన ఆ సవరణలోనే చేర్చబడెను. మరియొక సంగతి. నాగపూరు తీర్మానము చాలవరకు కాగితములపైననే నిలిచిపోయెను. దేశమున ఎచ్చటను రైతు పొలము బలవంతముగ ఉమ్మడిలో కలియలేదు. రంగాగారు భయపడినది జరుగలేదు. అది వారికి విజయమే. కాని భయము తొలగిన రైతుకు ఆ పక్షముతో పనిలేకపోయెను. ఏ అగ్గి ఆర్పుటకు బావి త్రవ్విరో ఆ అగ్గి రాజుకొననే లేదు. అందుచే బావిని మరచిపోయిరి.

ఐనను 1967లో పక్షము శిఖరము నందుకొనెను. లోక్‌సభలో 44 స్థానములు, నూటికి 8.67 వంతున ఓట్లు వచ్చెను. కాంగ్రెసు తరువాత అదియే పెద్ద పక్షము. సభ్యసంఖ్యలో పదవవంతు లేనందున అధికారికముగ ప్రతిపక్ష హోదా మాత్రము లభింపలేదు. గుజరాతు శాసనసభలో 66, ఒరిస్సాలో 49, రాజస్థానములో 48, ఆంధ్ర ప్రదేశ్‌లో 29 స్థానములు గెలిచెను. ఒరిస్సాలో శ్రీ ఆర్. ఎన్. సింగ్ దేవ్ ముఖ్యమంత్రిగ సంకీర్ణ ప్రభుత్వ మేర్పడెను. రంగాగారు శిష్యుడైన లచ్చన్నగారి ప్రాంతమగు శ్రీకాకుళమునుండి లోక్‌సభకు ఎన్నికైరి. ఆ ఓట్లలో చాలభాగము కాంగ్రెసుపై కోపముచే వచ్చినవే. నాటి కరవును, ధరల పెరుగుదలయు ప్రజలను విసిగించి యుండెను. కోపముచే వచ్చిన ఓటు కోపము చల్లారిన వెంటనే పోవునని నాయకులు గ్రహించినట్లు కనబడదు.

1969లో కథ మారెను. ప్రధానమంత్రి శ్రీమతి ఇందిరాగాంధి జూలైలో 14 బ్యాంకులను జాతీయము చేసిరి. ఆ సంవత్సరాంతమునకు కాంగ్రెసు రెండుగా చీలెను. మరుసటి యేడు రాజభరణముల రద్దునకు పూనుకొనిరి. పేదరికమును తొలగింతుమను వారి పిలుపు పల్లెలకు పాకెను. స్వతంత్ర పక్షము బ్యాంకుల విషయమునను, రాజభరణముల విషయమునను ఆమె నెదిరించెను. న్యాయసూత్రములను బట్టి వారి వాదమునకు కొంత బలమున్నను, పూరిపాకలోని ఓటరునకు అది రాజుల పక్షమున పలికిన మాటగనే వినబడెను. అంతేకాదు, చీలిన పాత కాంగ్రెసు కూడ అదే మితవాద ఓటరు నాశ్రయించెను. ఒకే చేనికి ఇరువురు కాపులైనట్లయ్యెను. గుజరాతులో శ్రీ మొరార్జీ దేశాయి పలుకుబడి ముందు స్వతంత్రపక్షము వెలవెలపోయెను.

1971 ఎన్నికలకు పాత కాంగ్రెసు, జనసంఘము, స్వతంత్ర పక్షము, సంయుక్త సోషలిస్టు పక్షము కలిసి కూటమి కట్టెను. ఇందిరాగాంధిని ఓడించుట తప్ప వారికి ఉమ్మడి కార్యక్రమము లేదని జనులు తలచిరి. కూటమి పంపకములలో స్వతంత్ర పక్షము 59 చోట్ల మాత్రమే పోటీచేసెను. గెలిచినవి 8. ఓట్లు నూటికి 3.07కు దిగెను. ఆంధ్ర ప్రదేశ్‌నుండి ఒక్క స్థానమును రాలేదు. శ్రీకాకుళములో రంగాగారు స్వయముగ ఓడిపోయిరి. మసానిగారు పక్షాధ్యక్ష పదవికి రాజీనామా యిచ్చిరి. మరుసటి సంవత్సరము ఆంధ్ర ప్రదేశ్ శాసనసభలో పక్షబలము 29నుండి 2కు తగ్గెను. అప్పటికే తెలంగాణోద్యమము, తరువాత జై ఆంధ్రోద్యమము ప్రజల మనస్సులను వేరొక వైపునకు త్రిప్పెను. 1972 డిసెంబరు 25న రాజాజీ కీర్తిశేషులైరి. పక్షమును కలిపి యుంచిన దారము తెగెను. 1974లో మిగిలినవారు శ్రీ చరణ్‌సింగ్ ప్రభృతులతో కలిసి భారతీయ లోక్‌దళముగ నేర్పడిరి. రంగాగారు ఆ లోపుననే తమ పాతయిల్లగు కాంగ్రెసునకు మరలిరి.

ఓటమితో వారి ప్రజాసేవ ముగియలేదు. 1980, 1984, 1989 సంవత్సరములలో గుంటూరునుండి లోక్‌సభకు ఎన్నికైరి. మొదటి మారు కేంద్ర శాసనసభలో ప్రవేశించినది 1930లో. చివర సభను వీడినది 1991లో. ఇంత దీర్ఘకాలము చట్టసభలతో సంబంధము గలవారు ప్రపంచముననే అరుదు. 1991లో భారత ప్రభుత్వము వారికి పద్మవిభూషణ బిరుదము నొసగెను. 1995 జూను 9వ తేదీన తమ 95వ యేట వారు పరమపదించిరి. మరుసటి సంవత్సరము రాష్ట్ర వ్యవసాయ విశ్వవిద్యాలయమునకు వారి పేరు పెట్టబడెను.

రంగాగారు పక్షములను మార్చిరను విమర్శ కలదు. అది కాదనరానిది. కాని ఏ పక్షమున నున్నను రైతు చేతిలో రైతు పొలముండవలెనను మాటను వారు విడువలేదు. ఆ మాటకు పల్లెలలో ఆదరణ లేకపోలేదు. ఆ మాటను మోయుటకు తగిన పక్షము నిర్మింపబడకపోవుటయే లోపము. స్వతంత్ర పక్షమునకు మేధావులు కలరు, రాజులు కలరు, సభలలో ధాటిగ మాటాడగల వక్తలు కలరు. ఊరిలో నెలనెల కూడి, తమ పావలా చందా తామే చెల్లించి, ఓడిన మరునాడు కూడ తలుపు తీసి కూర్చుండు సభ్యులు తగినంతమంది లేరైరి. గొప్పవారు పునాదిరాయి వేయగలరు. గోడలు నిలుపువారు, దీపము పెట్టువారు మాత్రము పేరులేని సామాన్యులే. రాజకీయపక్షమునకైనను, పల్లెలోని గ్రంథాలయమునకైనను ఈ ధర్మ మొక్కటియే.