వీల్‌చైర్‌లో కూర్చుని ఆపరేషన్లు చేసిన డాక్టరమ్మ

సైట్‌లో ఎత్తు నుంచి పడి నడుం విరిగిన మనిషిని ఇంటికి పంపేశాక ఇక అతని బతుకు మంచం మీదే అని మనలో చాలామంది అనుకుంటాం. అలా కాదని మన దేశంలోనే చేసి చూపించారు డాక్టర్ మేరీ వర్గీస్. మా సీమ జనం రాయవేలూరు ఆసుపత్రి అని పిలుచుకునే వేలూరు సీఎంసీలో ఆమె పనిచేశారు.

1925లో కొచ్చిలో కలిగిన కుటుంబంలో పుట్టారు. వేలూరులోనే డాక్టరు చదివారు. ఆడవాళ్ల డాక్టరు కావాలన్నది ఆమె కోరిక. 1954 జనవరి 30న తోటి డాక్టర్లతో కలిసి వెళ్తుండగా, ముందున్న బస్సును దాటబోయి వాళ్ల బండి బోల్తా పడింది. ఆమె ముఖం చితికింది. వెన్నెముక దెబ్బతిని నడుము కింద కదలిక, స్పర్శ రెండూ పోయాయి. అప్పటికి ఆమెకు ముప్పై కూడా నిండలేదు.

నెలల తరబడి మంచానికే అంకితం. అప్పుడు అక్కడి సర్జన్ పాల్ బ్రాండ్ ఆమెకు ఒక దారి చూపించారు. చేతికి చేసే ఆపరేషన్ సర్జన్ కూర్చుని చేసేదే కదా! కుష్ఠుతో వంకరపోయిన వేళ్లను సరిచేసే ఆపరేషన్లు మేరీ వీల్‌చైర్‌లో కూర్చుని చేయడం మొదలుపెట్టారు.

కత్తి పట్టడం వచ్చింది సరే, తన పని తాను చేసుకోవడం ఎలా? అది వేరే విద్య. ఆస్ట్రేలియాలోని పెర్త్ వెళ్లి నేర్చుకున్నారు. మంచం మీంచి కుర్చీలోకి భుజాల బలంతో జరగాలి. స్పర్శ లేదు కాబట్టి కూర్చున్నచోట ఒరుసుకుపోయినా తెలీదు. అందుకే కాసేపటికోసారి చేతులు ఆనించి ఒళ్లు పైకెత్తాలి, అద్దం పెట్టి చర్మం చూసుకోవాలి, వేళ ప్రకారం మూత్రం ఖాళీ చేసుకోవాలి. వినడానికి చిన్న విషయాలే. వీటిని నేర్పేవాళ్లు లేకనే ఊళ్లలో నడుం విరిగినవాళ్లు పుండ్లు పడి, మూత్రంలో చీము పట్టి పోతుంటారు. దెబ్బ కంటే ఇదే ఎక్కువ ప్రమాదం అని మేమంటాం.

తర్వాత న్యూయార్క్ వెళ్లి హోవార్డ్ రస్క్ దగ్గర ఈ వైద్యమే చదివారు. యుద్ధంలో గాయపడ్డ సైనికులను మళ్లీ పనిలో నిలబెట్టి పేరు తెచ్చుకున్న డాక్టరు ఆయన. మేరీ తిరిగొచ్చి 1963లో వేలూరులో ఆ విభాగానికి పెద్ద అయ్యారు. 1966లో రోగులు అక్కడే ఉండి నేర్చుకునే కేంద్రం తెరిచారు. మన దేశంలో అలాంటి వాటిలో అదే మొదటిదని చెబుతారు. పెద్ద జీతం వచ్చే దేశాన్ని చూసొచ్చి కూడా ఆమె ఇక్కడే ఉండిపోవడం మాకు బాగా నచ్చిన సంగతి. 1972లో పద్మశ్రీ ఇచ్చారు. 1986లో కన్నుమూశారు.

ఇలాంటి కేంద్రాల్లో రోగి ఒక్కడికే కాదు, వెంట వచ్చిన భార్యకో తమ్ముడికో కూడా నేర్పుతారు. ఇల్లు ఎలా మార్చాలో చెబుతారు. అది మన పనే కదా! అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ర్యాంపు, కుర్చీ పట్టేంత తలుపు, కూర్చుని వండుకునే ఎత్తులో గట్టు. కంపెనీ డ్రాయింగుల్లో రోజూ చూసే కొలతలే ఇవి, ఊళ్లో మన ఇంటికి మాత్రం గుర్తుకురావు.

ఇంకోమాట. పడినవాణ్ణి చంకల్లో చేతులేసి లేపి కూర్చోబెట్టకండి. అంబులెన్సు వచ్చేదాకా మెడ, నడుము కదలకుండా పడుకోబెట్టండి. ఇంటికి పంపేటప్పుడు ఆసుపత్రి కాగితాలు, ఎక్స్‌రేలు అన్నీ చేతికివ్వండి. మందుల చీటీతోనే సరిపెట్టుకోకుండా, ఈ పనులు నేర్పే చోటు ఎక్కడుందో డాక్టర్ని అడగమని ఇంట్లోవాళ్లకు ఫోన్ చేసి చెప్పండి. వేలూరు కేంద్రంలో నేర్చుకుని ఇళ్లకు వెళ్లినవాళ్లు రిహాబ్ మేళా పేరుతో మళ్లీ అక్కడ కలుసుకుంటారు. వాళ్లలో చెట్టు మీంచి పడ్డవాళ్లు, కట్టడం మీంచి పడ్డవాళ్లు ఉంటారు. కుర్చీలోనే వచ్చి ఆటలు కూడా ఆడతారు.