పట్టుపురుగును కాపాడిన మహనీయుడు – లూయీ పాశ్చర్

లూయీ పాశ్చర్ అనగానే పిచ్చికుక్క కాటుకు 1885లో ఆయన ప్రయోగించిన టీకా మనకు స్ఫురిస్తుంది. అంతకు ఇరువది సంవత్సరాల పూర్వం ఆయన ఒక చిన్న పురుగు కొరకు పడిన పాట్లు అంతగా ప్రచారంలో లేవు. ఆ ఘట్టాన్నే మేమిక్కడ స్మరింపదలచాము.

పాశ్చర్ 1822 డిసెంబరు 27న ఫ్రాన్సు దేశంలోని డోల్ పట్టణంలో, తోళ్లు పదును చేసే కుటుంబంలో జన్మించాడు. రసాయన శాస్త్రంలో ఖ్యాతి గడించాడు. ఆ కాలంలో ఫ్రెంచి పట్టు పరిశ్రమను పెబ్రిన్ అనే వ్యాధి పీడించింది. 1853లో రెండుకోట్ల అరువది లక్షల కిలోలుగా ఉన్న పట్టుగూళ్ల దిగుబడి 1865 నాటికి నలుబది లక్షల కిలోలకు పడిపోయింది. గురువైన డ్యూమా కోరికపై పాశ్చర్ 1865లో ఆలె ప్రాంతానికి వెళ్లాడు. అప్పటికి ఆయన పట్టుపురుగును తాకి యెరుగడు. కీటక శాస్త్రజ్ఞుడు ఫాబ్ర్ వద్ద పట్టుగూటిని చేతబట్టి చెవి దగ్గర ఆడించి, లోపల ఏదో ఉన్నదని ఆశ్చర్యపడ్డాడట!

ఆ సంవత్సరాలు ఆయనకు దుఃఖమయాలు. 1865లో తండ్రి, చిన్న కుమార్తె కమీల్ మరణించారు. మరుసటి యేడు మరొక కుమార్తె సెసీల్ టైఫాయిడ్ జ్వరానికి బలియైంది. అయినా ఆయన పరిశోధన మానలేదు.

రోగగ్రస్తమైన పురుగులలో కనిపించే సూక్ష్మ కణాలు వ్యాధికి కారణం కావనీ, వ్యాధి ఫలితమనీ పాశ్చర్ మొదట భావించాడు. అది పొరపాటు. సహాయకుల ప్రయోగాలు నిజాన్ని చూపగా 1867లో తన అభిప్రాయాన్ని మార్చుకున్నాడు. తన మాట నెగ్గుట కంటె సత్యము నెగ్గుటయే ఆయనకు ముఖ్యం. నివారణ మార్గం సులభమైనది. ప్రతి తల్లి శలభాన్ని వేరుగా ఉంచి గుడ్లు పెట్టనిచ్చి, పిమ్మట దానిని నూరి సూక్ష్మదర్శినిలో పరీక్షించాలి. కణాలు కనబడితే ఆ గుడ్లను కాల్చివేయాలి.

ఫ్లాచరీ అనే మరొక వ్యాధి ఇంత సులభంగా లొంగలేదు. అధికమైన వేడి, తేమ, గాలి ఆడని గదులు, పులిసిన ఆకు దానికి దోహదం చేస్తాయని ఆయన గ్రహించాడు. 1868 అక్టోబరు 19న పక్షవాతం వచ్చి ఎడమ భాగం చచ్చుబడింది. అప్పటికాయన వయస్సు నలుబదియైదు. వారం దాటగానే పడకపై నుండియే శాస్త్ర వ్యాసం చెప్పి వ్రాయించాడు. 1869 జనవరిలో తిరిగి పురుగుల వద్దకు చేరాడు. 1870లో తన గ్రంథాన్ని రెండు సంపుటాలుగా ప్రకటించాడు. 1895 సెప్టెంబరు 28న కన్నుమూశాడు.

వేడిని గూర్చి ఆయన చేసిన హెచ్చరిక నేడు మరింత లోతుగా అర్థమవుతున్నది. పురుగు రక్తంలోని ప్రోటీనులే రూపాంతరానికి కావలసిన నిల్వధనం. ఎదిగిన పురుగుకు ఇరువదినాలుగు, ఇరువదియైదు డిగ్రీల సెంటీగ్రేడు అనుకూలం. వేడి మితిమీరితే ఆ ప్రోటీనుల పరిమాణం మారుతుంది. తాపాన్ని తట్టుకొనుటకు ప్రత్యేక ప్రోటీనులు పుడతాయి. మన హిందూపురం, మదనపల్లి ప్రాంతాల రైతులు వేసవిలో తడి గోనెలు వ్రేలాడదీసి గదులను చల్లబరచుట ఇందుకే. మన గుడ్ల కేంద్రాలలో తల్లి శలభ పరీక్ష నేటికీ జరుగుతున్నది.

ఎరుగని విషయాన్ని ఎరుగనని ఒప్పుకొని నేర్చుకొనుట, తప్పును దిద్దుకొనుట, కష్టంలోనూ పని విడువకుండుట — విద్యార్థులమైన మనము ఆ మహనీయుని నుండి గ్రహింపవలసినవి ఇవియే.