పెద్దబాతుల నేస్తం జాక్ మైనర్

కెనడా దేశపు దక్షిణాంచున, ఈరీ సరస్సు సమీపంలో కింగ్స్‌విల్ అనే చిన్న పట్టణం ఉన్నది. అక్కడి శీతకాలం దీర్ఘమైనది, కఠినమైనది. మార్చి మాసంలో మంచుగడ్డలు కరగనారంభించిన తరువాత దక్షిణాకాశంలో ఒక సన్నని నల్లగీత కనబడుతుంది. అది క్రమంగా బాణపు మొన రూపం దాలుస్తుంది. పిమ్మట దూరపు కోలాహలం వంటి కూత వినవస్తుంది. నల్లని మెడ, చెక్కిళ్లపై తెల్లని మచ్చ, గోధుమవన్నె దేహం గల కెనడా పెద్దబాతులు అమెరికాలో చలికాలం గడుపుకొని తిరిగివస్తున్న శుభవేళ అది. మన కావ్యాలలోని హంసల కుటుంబానికి చెందిన పక్షులే ఇవి. వీటి రాకను చూడటానికి అక్కడ జనం గుమికూడుతారంటే అందుకు కారకుడు ఒకానొక వేటగాడు. ఆయన పేరు జాక్ మైనర్.

ఆయన 1865 ఏప్రిల్ 10వ తేదీన అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, డోవర్ సెంటర్ అనే గ్రామంలో జన్మించాడు. 1878లో ఆయన కుటుంబం కింగ్స్‌విల్ ప్రాంతానికి తరలివచ్చింది. అప్పటికి జాక్ పదమూడేండ్ల బాలుడు. బడిచదువు ఆయనకు అబ్బలేదు. తండ్రితో కలిసి మట్టి త్రవ్వి, ఇటుకలు, పొలాల మురుగునీటి గొట్టాలు కాల్చి అమ్మటమే ఆ కుటుంబపు వృత్తి. ఆ రాబడి చాలక 1880 ప్రాంతపు సంవత్సరాలలో ఆయన అడవి పక్షులను, జంతువులను వేటాడి అంగడిలో అమ్మేవాడు. గురి తప్పని చేయి అని పేరు తెచ్చుకొన్నాడు. అడవియే ఆయన పాఠశాల. తుపాకియే ఆయన లేఖిని.

1898లో ఆయన జీవితం మరొక దారి పట్టింది. వేటలో నిత్యం తనకు తోడుగా ఉండే సోదరుడు టెడ్ వేటలోనే జరిగిన ప్రమాదంలో మరణించాడు. ఆ దుఃఖం ఆయనను ప్రార్థనాలయం వైపు నడిపించింది. అక్కడ ఆదివారపు తరగతిలో పిల్లలకు బోధించవలసిన బాధ్యత మీద పడింది. బోధించవలసిన వానికి చదువు రాదు! పిల్లలు గ్రంథం చదువుతూ ఉంటే ఆయన వారి వెంట అక్షరాలు కూడబలుక్కొన్నాడు. ముప్పది మూడేండ్ల వయస్సులో శిష్యులే గురువులై ఆయనకు చదువు నేర్పారు.

వేట మానకముందే ఆయన మనస్సులో ఒక ప్రశ్న మొలకెత్తింది. ఆకాశంలో పోయే పెద్దబాతులు పొలంలోని కూలీలను లక్ష్యపెట్టక తక్కువ ఎత్తున సాగిపోయేవి. మైనర్ సోదరులు కనిపిస్తే మాత్రం కలవరపడి, కూతలు పెట్టి, అందనంత ఎత్తుకు లేచేవి. చేతిలో తుపాకి లేనప్పుడు కూడా అంతే. అనగా ఆ పక్షులు తమ శత్రువును పోల్చుకోగలవు. శత్రువును పోల్చుకొనే ప్రాణి మిత్రుని మాత్రం పోల్చుకోలేదా? ఆయన శేషజీవితమంతా ఆ ప్రశ్నకు సమాధానమే.

1904లో ఆయన రెక్కలు కత్తిరించిన ఏడు పెద్దబాతులను కొని తెచ్చాడు. ఇటుకల కోసం మట్టి తీయగా ఏర్పడిన గుంటలలో నీరు నిలిచి చెరువైన చోట వాటిని విడిచాడు. వాటిని చూచి, పైన పోయే అడవి పక్షులు దిగుతాయని ఆయన ఆశ. వసంతం వచ్చింది, పోయింది. పక్షుల బారులు తల మీదుగా సాగిపోయినవి, ఒక్కటీ దిగలేదు. ఇరుగుపొరుగువారు నవ్వుకొన్నారు. నిన్నటివరకు చంపినవాడు నేడు పిలిస్తే ఏ పక్షి వస్తుందన్నది వారి ఎగతాళి. నాలుగేండ్లు ఆయన ఆ నవ్వులను సహించి ఎదురుచూచాడు. 1908 వసంతంలో పదకొండు అడవి పెద్దబాతులు ఆ చెరువులో దిగినవి.

మరుసటి ఏడు మరిన్ని వచ్చినవి. ఆపై ఏటేటా వాటి సంఖ్య పెరుగుతూ పోయింది. 1913 నాటికి ఆయన ఇల్లు, పొలం యావత్తూ పక్షుల శరణాలయమైపోయింది. ఇటుకల వ్యాపారి ఆర్జన మొక్కజొన్నగింజలై పక్షుల పాలయింది.

అయితే ఈ అతిథులు ఎక్కడికి పోతున్నవి? ఎక్కడినుంచి వస్తున్నవి? 1909 ఆగస్టులో ఆయన ఒక అడవి బాతు కాలికి చిన్న అల్యూమినియపు కడియం తొడిగాడు. దానిపై తన తపాలా పెట్టె సంఖ్య, ఊరిపేరు స్వయంగా చెక్కాడు. 1910 జనవరిలో దక్షిణ కరోలినా రాష్ట్రంలోని ఆండర్సన్ నుంచి వార్త వచ్చింది. ఆ బాతు అక్కడ ఒక వేటగాని తుపాకికి చిక్కింది. 1915 నుంచి పెద్దబాతులకు కూడా కడియాలు తొడగటం మొదలుపెట్టాడు. కడియం మీద ఒక వైపు చిరునామా, రెండవ వైపు బైబిలులోని చిన్న వాక్యం. ఉత్తరాన హడ్సన్ అఖాతపు తీరాలలో వేటాడే ఆదిమ జాతులవారికి ఆ కడియాలు దొరకగా, వారు వాటిని మిషనరీలకు చూపేవారు. ఆ విధంగా పక్షుల బాటలు ఒక్కొక్కటిగా తెలియవచ్చినవి. జీవితకాలంలో ఆయన తొడిగిన కడియాలు వేలకు వేలు.

ఇందులో ఒక విషాదం ఇమిడి ఉన్నది. తిరిగివచ్చిన కడియాలలో చాలా భాగం చచ్చిన పక్షుల కాలివే. మైనర్‌కు అందిన ప్రతి శుభవార్తా ఇంచుమించు ఒక మరణవార్తయే. కాని ఆ మరణాలే బ్రతికియున్నవాటికి రక్షణగా పరిణమించినవి. ఈ పక్షులు ఒక దేశంలో పుట్టి మరొక దేశంలో చలికాలం గడుపుతాయి. కనుక ఒక్క దేశపు చట్టం వాటిని కాపాడలేదు. ఆ సత్యానికి కడియాలు ప్రత్యక్ష సాక్ష్యమైనవి. 1916లో కెనడా పక్షాన బ్రిటన్‌కు, అమెరికాకు మధ్య వలసపక్షుల రక్షణకై ఒప్పందం కుదిరింది. మరుసటి ఏడు కెనడాలో అందుకు అనుగుణమైన చట్టం వచ్చింది.

బడి ఎరుగని ఆ మనిషి ఊరూరా తిరిగి వేలాది శ్రోతల ఎదుట ఉపన్యసించాడు. 1923లో తన అనుభవాలను గ్రంథంగా ప్రకటించాడు. తన తదనంతరం కూడా పక్షులకు మేత నిలిచిపోరాదని 1931లో ఆయన పేర ఒక ధర్మసంస్థ ఏర్పడింది. 1943లో బ్రిటిష్ చక్రవర్తి ఆయనకు బిరుదు ప్రసాదించాడు.

ఆయన దృష్టిలో లోపం లేకపోలేదు. పక్షులను ఆయన మంచివి, చెడ్డవి అని రెండుగా విభజించాడు. డేగలు, గుడ్లగూబలు, కాకులు తన అతిథులకు శత్రువులని తలచి, బోనులు పెట్టి వాటిని నిర్దాక్షిణ్యంగా చంపించాడు. వేటాడి తినే పక్షి కూడా ప్రకృతి వ్యవస్థలో అవసరమైన అంగమేనని శాస్త్రజ్ఞులు అప్పుడే హెచ్చరించారు. నేటి శాస్త్రం వారి పక్షమే. పెద్దబాతు కన్నులతో లోకాన్ని చూడనేర్చిన ఆ కరుణామయుడు డేగ కన్నులతో చూడలేకపోయాడు. ఆయనలోని పాత వేటగాడు పూర్తిగా తుపాకి దించలేదేమో!

1944 నవంబరు 3వ తేదీన, పెద్దబాతులు ఉత్తరం నుంచి దక్షిణానికి తరలే ఋతువులో, డెబ్బది తొమ్మిదవ ఏట జాక్ మైనర్ కన్నుమూశాడు. 1947లో కెనడా పార్లమెంటు ఆయన పుట్టినరోజైన ఏప్రిల్ 10వ తేదీతో కూడిన వారాన్ని జాతీయ వన్యప్రాణి వారంగా శాసించింది. అది వసంత ఋతువు. పక్షులు ఇంటికి తిరిగివచ్చే కాలం. ఒక మనిషి తన చేతిలోని ఆయుధం విడిచినంత మాత్రాన ఆకాశం వెంటనే నమ్మదు. నాలుగేండ్లు ఆగవలసి వచ్చింది. కాని ఒకసారి నమ్మిన పిమ్మట ఆ పదకొండు పక్షుల వెనుక వేలాది పక్షులు ఆ చెరువులో దిగినవి.