ఫ్రాంక్ హార్న్‌బీ

నెల్లికుదురునకు చేరువనున్న మహబూబాబాదు మీదుగా రైళ్లు పోవుట మీరెరుగుదురు. అట్టి రైలును బొమ్మగా ఇండ్లకు చేర్చినవారిలో ముఖ్యుడు ఫ్రాంక్ హార్న్‌బీ. ఇతడు 1863వ సంవత్సరమున ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరమున జన్మించెను. ఒక వర్తకుని యొద్ద లెక్కలు వ్రాయు గుమాస్తాగా నుండెను. కుమారుల కొరకు రేకుపట్టీలకు రంధ్రములు చేసి, మరమేకులతో బిగించి, ఆటవంతెనలను కూర్చెను. అవే ముక్కలను విప్పి వేరొక బొమ్మను చేయవచ్చును. పేటెంటునకు ధనము చాలక, యజమాని యొద్ద 5 పౌనులు అప్పుగొని 1901లో దానిని పొందెను. 1920లో ఇతని కర్మాగారము కీ యిచ్చిన నడచు బొమ్మరైలును వెలువరించెను. దానిని సైతము విప్పి మరల కూర్పవచ్చును. బాలురు ఇంటి నేలపై పట్టాలు పరచి, మార్గము నచ్చనిచో తీసి మరియొక తీరున అమర్చుకొనిరి. హార్న్‌బీ 1936లో మరణించెను. విప్పుట చెరచుట కాదనియు, మేలుగా కూర్చుటకు తొలిమెట్టనియు అతని బొమ్మలు నేర్పుచున్నవి.