బొగ్గు గని నుంచి ‘వియన్నా సింహం’ దాకా
పుట్టిన ఊరి జట్టుకే జీవితమంతా ఆడిన నాట్ లాఫ్ట్‌హౌస్

పుట్టిన ఊళ్ళోనే ఆట నేర్చి, ఆ ఊరి జట్టులోనే చేరి, దేశం తరఫున ఆడి పేరు గడించి, చివరకు ఆ ఊళ్ళోనే కన్నుమూసిన ఆటగాళ్ళు ఫుట్‌బాల్ చరిత్రలో అరుదు. అలాంటి వారిలో ఇంగ్లండుకు చెందిన నాట్ లాఫ్ట్‌హౌస్ ముఖ్యులు. సెంటర్ ఫార్వర్డ్ స్థానంలో, అంటే ఎదుటి జట్టు గోలు ముందు నిలిచి బంతిని లోపలికి పంపే స్థానంలో ఆయన ఆడేవారు. బోల్టన్ వాండరర్స్ అనే ఒకే ఒక్క క్లబ్బుకు 503 పోటీలాడి 285 గోళ్ళు చేశారు. ఇంగ్లండు జట్టుకు 33 పోటీలాడి 30 గోళ్ళు చేశారు. దేశం తరఫున దాదాపు ఆటకొక గోలు అన్నమాట.

లాఫ్ట్‌హౌస్ 1925 ఆగస్టు 27న బోల్టన్ పట్టణంలో జన్మించారు. మాంచెస్టరు నగరానికి దగ్గరగా లంకాషైర్ ప్రాంతంలో ఉన్న ఈ పట్టణం నూలు మిల్లులకు పేరుపడింది. స్వాతంత్ర్యోద్యమంలో మన పెద్దలు వీధుల్లో కుప్పపోసి తగలబెట్టిన విదేశీ వస్త్రాలలో ఎక్కువ భాగం ఆ ప్రాంతపు మిల్లులవే. ఆ మిల్లు కార్మికులకు శనివారం మధ్యాహ్నం వచ్చిందంటే ఫుట్‌బాలే వినోదం. బర్న్‌డెన్ పార్క్ అనే మైదానమే వారి తిరునాళ్ళ స్థలం. ఈ కుర్రవాడు కూడా ఆ సందడిలోనే పెరిగాడు.

1939 సెప్టెంబరు 3న బ్రిటన్ జర్మనీపై యుద్ధం ప్రకటించింది. ఆ మర్నాడే, సెప్టెంబరు 4న, పద్నాలుగేళ్ళ లాఫ్ట్‌హౌస్ బోల్టన్ క్లబ్బులో సంతకం చేశాడు. ముహూర్తం చూసుకుని చేరినవాడికి అంతకన్నా చెడ్డ రోజు దొరకదు. కాని అదే ఆయనకు కలిసివచ్చింది. జట్టు కెప్టెన్ హ్యారీ గోస్లిన్ అంతకు కొన్ని నెలల ముందే సైన్యంలో చేరవలసిందిగా ఊరి జనానికి పిలుపునిచ్చి, తన తోటి ఆటగాళ్ళను వెంటబెట్టుకుని ఫిరంగి దళంలో చేరారు. ఆ గోస్లిన్ 1943 డిసెంబరులో ఇటలీ యుద్ధరంగంలో గాయపడి మరణించారు. పెద్దవాళ్ళంతా యుద్ధానికి పోగా జట్టు నింపడానికి కుర్రవాళ్ళు కావలసి వచ్చింది. అలా 1941 మార్చి 22న పదిహేనేళ్ళ వయస్సులో లాఫ్ట్‌హౌస్ బరీ జట్టుపై తొలి ఆట ఆడాడు. బోల్టన్ 5-1 తేడాతో గెలిచింది. అందులో రెండు గోళ్ళు ఈ కుర్రవాడివి.

గనిలో ఎనిమిది గంటలు, ఆపైన ఆట

యుద్ధకాలంలో ఇంగ్లండుకు సైనికుల కొరత ఎంతో బొగ్గు కొరత అంత. గని కార్మికులు సైన్యంలో చేరిపోవడంతో తవ్వేవాళ్ళు లేకపోయారు. అప్పటి కార్మిక మంత్రి ఎర్నెస్ట్ బెవిన్ 1943లో ఒక పద్ధతి పెట్టారు. సైన్యానికి పిలుపు వచ్చిన యువకుల నంబర్లలో చివరి అంకెను లాటరీ తీస్తారు. ఆ అంకె వచ్చినవాడు తుపాకి బదులు పార పట్టాలి. పదిమందిలో ఒకరికి ఇలా గని పని పడేది. వీరిని ‘బెవిన్ కుర్రాళ్ళు’ అనేవారు. ఒంటిమీద సైనిక దుస్తులు లేకపోవడం చూసి, యుద్ధానికి భయపడి తప్పించుకున్నారని వీధిలో నిందించినవారూ ఉన్నారు. లాఫ్ట్‌హౌస్ కూడా ఇలా మోస్లీ కామన్ గనిలో చేరారు.

ఆట ఉన్న శనివారం కూడా ఆయనకు సెలవు లేదు. తెల్లవారుజామున మూడున్నరకు లేచి, నాలుగున్నర ట్రాం బండి పట్టుకుని గనికి చేరేవారు. ఎనిమిది గంటల పాటు భూమిలోపల బొగ్గు టబ్బులు తోసేవారు. పని ముగిసి పైకి రాగానే జట్టు బస్సు వచ్చి ఎక్కించుకునేది. మధ్యాహ్నం మైదానంలో దిగి ఆడేవారు. ఈనాటి ఆటగాళ్ళు ఆటకు ముందు రోజంతా విశ్రాంతి తీసుకుంటున్నారంటే వింతగా అనిపించేది ఇందుకే. ఆయన ఛాతీ, భుజాలు గట్టిపడింది ఏ వ్యాయామశాలలోనూ కాదు, ఆ టబ్బుల వెనకనే. తోటి కార్మికులు కూడా సామాన్యులు కారు. శనివారం సరిగా ఆడకపోతే సోమవారం గనిలో వాళ్ళ వెక్కిరింపులు తప్పేవి కావు. పేరు వచ్చాక కూడా ఆయనకు తల తిరగకపోవడానికి ఆ నోళ్ళే కారణమని చెబుతారు.

ముప్ఫై మూడు ప్రాణాలు

యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది, 1946 మార్చి 9న, బర్న్‌డెన్ పార్క్‌లో ఘోరం జరిగింది. ఇంగ్లండులో అన్నిటికన్నా పాతదైన ఎఫ్.ఏ. కప్పు పోటీలో బోల్టన్, స్టోక్ సిటీ జట్ల మధ్య ఆట అది. స్టోక్ జట్టులో స్టాన్లీ మాథ్యూస్ ఉన్నాడు. ఆరేళ్ళుగా అసలైన పోటీలు చూడక మొహం వాచిన జనం ఆయనను చూడటానికి విరగబడ్డారు. ఎనభై అయిదు వేలమంది వచ్చి ఉంటారని అంచనా. మైదానంలో ఒక భాగం యుద్ధకాలపు సామగ్రి నిలవకోసం ప్రభుత్వం చేతిలో ఉండటంతో అటువైపు దారులు మూసేశారు. జనమంతా రైలు కట్ట వైపునకే తోసుకువచ్చారు. గేట్లు మూశాక కూడా గోడలెక్కి, రైలు కట్ట మీదుగా దిగి లోపలికి దూకారు. ఈ లోపల, రద్దీకి బెదిరి కొడుకును బయటికి తీసుకుపోదామని ఒక తండ్రి తాళం వేసిన గేటు తీశాడు. అతను బయటపడ్డాడు గాని, ఆ దారిన వందలమంది లోపలికి వచ్చిపడ్డారు. ఒత్తిడికి రెండు ఇనుప అడ్డుకమ్ములు కూలిపోయాయి. ముప్ఫై ముగ్గురు ఊపిరాడక, నలిగి చనిపోయారు. వందలమందికి గాయాలయ్యాయి.

లాఫ్ట్‌హౌస్ అప్పుడు మైదానంలోనే ఉన్నారు. వయస్సు ఇరవై. ఆట ఆపి ఆటగాళ్ళను లోపలికి పంపారు. శవాలను మైదానం అంచున వరసగా పడుకోబెట్టి కోట్లు కప్పారు. జనాన్ని చెదరగొడితే మరింత ప్రమాదమని భావించిన అధికారులు కొంతసేపటికి ఆట తిరిగి మొదలుపెట్టించారు. శవాలకు, ఆటకు మధ్య రంపపు పొట్టుతో కొత్త గీత గీశారు. మధ్యలో విరామం కూడా ఇవ్వకుండా ఆట ముగించారు. ఎవరూ గోలు చేయలేదు. అది సరైన నిర్ణయమేనా అన్న ప్రశ్న ఆ ఊళ్ళో ఏళ్ళ తరబడి మిగిలిపోయింది. తమ వాళ్ళు చనిపోయారని తెలియక చప్పట్లు కొట్టినవారు కూడా ఆ జనంలో ఉండి ఉంటారు.

వియన్నాలో పేరు వచ్చిన రోజు

1950 నవంబరు 22న యుగోస్లావియాపై లాఫ్ట్‌హౌస్ ఇంగ్లండు తరఫున తొలి ఆట ఆడారు. ఆట 2-2తో సమంగా ముగిసింది. ఇంగ్లండు చేసిన రెండు గోళ్ళూ ఆయనవే.

అసలు కీర్తి 1952 మే 25న వచ్చింది. ఆస్ట్రియా జట్టు ఆనాడు యూరప్‌లో మేటి జట్లలో ఒకటి. ఆట వాళ్ళ రాజధాని వియన్నాలో. ఆ నగరం అప్పటికింకా యుద్ధంలో గెలిచిన నాలుగు దేశాల సైన్యాల అదుపులో ఉంది. అక్కడి బ్రిటిష్ సైనికులు పెద్ద సంఖ్యలో ఆట చూడవచ్చారు. లాఫ్ట్‌హౌస్ మొదటి గోలు చేశారు. ఆస్ట్రియా సమం చేసింది. ఇంగ్లండు మళ్ళీ ముందుకు వెళ్ళింది. మళ్ళీ సమమయింది. 2-2.

ఆట ఇంకా ఎనిమిది నిమిషాలుందనగా ఆస్ట్రియా కార్నర్ కొట్టింది. ఇంగ్లండు గోల్‌కీపర్ గిల్ మెరిక్ బంతిని గాలిలోనే అందుకుని టామ్ ఫిన్నీకి విసిరాడు. ఫిన్నీ దానిని ముందుకు పంపాడు. మధ్య గీత దగ్గర బంతి అందుకున్న లాఫ్ట్‌హౌస్ ఒంటరిగా పరుగు తీశారు. ఒకడు మోచేత్తో మొహం మీద కొట్టాడు. ఇంకొకడు వెనకనుంచి కాలికి అడ్డం పెట్టాడు. అయినా పడలేదు. ఆస్ట్రియా గోల్‌కీపర్ ముసిల్ ఎదురుగా దూసుకువచ్చాడు. గుద్దుకుంటామని ఇద్దరికీ తెలుసు. లాఫ్ట్‌హౌస్ ఆగకుండా బంతిని తన్నారు. ఇద్దరూ ఢీకొన్నారు. బంతి గోలులోకి పోయింది. ఆ సంగతి చూడటానికి ఆయనకు స్పృహ లేదు. మోసుకుపోయి సేద తీర్చాక కుంటుకుంటూ తిరిగి వచ్చి, మిగిలిన నిమిషాలూ ఆడారు. అప్పుడు కూడా ఒక బంతిని గోలు స్తంభానికి కొట్టారు. ఇంగ్లండు 3-2తో గెలిచింది. సైనికులు మైదానంలోకి దూకారు. ఆ రోజునుంచి పత్రికలు ఆయనను ‘వియన్నా సింహం’ అన్నాయి. ఆ పేరు చివరిదాకా నిలిచింది.

అదే ఏడాది సెప్టెంబరులో ఐర్లండు లీగ్ జట్టుపై ఒకే ఆటలో ఆరు గోళ్ళు చేశారు. 1954లో స్విట్జర్లండులో జరిగిన ప్రపంచ కప్పులో బెల్జియంపై రెండు, ఉరుగ్వేపై ఒకటి చేశారు. ఉరుగ్వే చేతిలో ఇంగ్లండు ఓడి ఇంటిముఖం పట్టింది.

ఒకే క్లబ్బు ఎందుకు?

ఇంత పేరున్నవాడు వేరే పెద్ద క్లబ్బుకు ఎందుకు పోలేదని ఈనాటివారు అడగవచ్చు. ఊరి మీద ప్రేమ నిజమే. దానితో పాటు ఆనాటి నిబంధనలూ చెప్పుకోవాలి. ఇంగ్లండులో ఆటగాడికి వారానికి ఇంతకు మించి జీతం ఇవ్వరాదని పరిమితి ఉండేది. లాఫ్ట్‌హౌస్ చివరి రోజులలో కూడా అది 20 పౌన్లు మాత్రమే. ఏ క్లబ్బుకు పోయినా అంతే. ఒప్పందం తీరినా సరే, క్లబ్బు వదలనిదే ఆటగాడు కదలరాదు. వియన్నా ఆట జరిగిన ఆ యాత్రలోనే ఇటలీకి చెందిన పాలెర్మో క్లబ్బు టామ్ ఫిన్నీకి పదివేల పౌన్లు ముట్టజెబుతామంది. ఆయన క్లబ్బు ప్రెస్టన్ ఒప్పుకోలేదు. ఫిన్నీ వెనక్కి వచ్చి మామూలు జీతానికే ఆడారు. యాభై, అరవై వేలమందికి టిక్కెట్లు అమ్మించిన మనిషికి దక్కింది ఫ్యాక్టరీ పనివాడి కూలికన్నా ఏ కొంచెమో ఎక్కువ. ఈ జీతాల పరిమితిని 1961 జనవరిలో ఎత్తివేశారు. లాఫ్ట్‌హౌస్ చివరి లీగు ఆట 1960 డిసెంబరులో ముగిసింది. నెల తేడా! ఆయన దీని గురించి గోల చేసిన దాఖలా లేదు. అయినా అది అన్యాయం కాకుండా పోదు.

రెండు కప్పు ఫైనళ్ళు

1953 మే 2న వెంబ్లీ మైదానంలో కప్పు ఫైనలు. అప్పటికే ఆయన ఆ ఏటి మేటి ఆటగాడిగా ఎంపికయ్యారు. బ్లాక్‌పూల్ జట్టుపై రెండో నిమిషంలోనే గోలు చేశారు. బోల్టన్ ఒక దశలో 3-1తో ముందుంది. బోల్టన్ ఆటగాళ్ళు కొందరు గాయపడ్డారు. బదులు మనిషిని దింపే నిబంధన ఆ రోజులలో లేదు. ముప్ఫై ఎనిమిదేళ్ళ మాథ్యూస్, అప్పటికి బ్లాక్‌పూల్ జట్టులోకి మారిన ఆయనే, కుడి అంచున విజృంభించి ఆట తిప్పేశారు. బ్లాక్‌పూల్ 4-3తో గెలిచింది. ఆ పోటీలలో ప్రతి రౌండులోనూ గోలు చేసిన లాఫ్ట్‌హౌస్‌కు ఓటమి పతకమే మిగిలింది.

అయిదేళ్ళ తర్వాత, 1958 మే 3న, మళ్ళీ వెంబ్లీ. ఈసారి ఎదురుగా మాంచెస్టర్ యునైటెడ్. అంతకు మూడు నెలల క్రితం, ఫిబ్రవరి 6న, ఆ జట్టు విమానం జర్మనీలోని మ్యూనిక్ వద్ద మంచులో కూలి 23 మంది మరణించారు. వారిలో ఎనిమిదిమంది ఆటగాళ్ళు. రోజర్ బైర్న్, డంకన్ ఎడ్వర్డ్స్ ఇంగ్లండు జట్టులో లాఫ్ట్‌హౌస్‌తో కలిసి ఆడినవారు. టామీ టేలర్ అదే స్థానానికి ఆయనతో పోటీపడినవాడు. దేశమంతా ఆ రోజు యునైటెడ్ గెలవాలని కోరుకుంది. బోల్టన్ ఊరు తప్ప. బోల్టన్ జట్టులో ఎవరినీ సొమ్ము పోసి కొనలేదు. ఒక్కొక్కరికి చేరినప్పుడు ఇచ్చిన పది పౌన్లే, పదకొండుమందికి కలిపి 110 పౌన్లు.

కెప్టెన్ లాఫ్ట్‌హౌస్ మూడో నిమిషంలో గోలు చేశారు. రెండో సగంలో స్టీవెన్స్ కొట్టిన బంతిని యునైటెడ్ గోల్‌కీపర్ హ్యారీ గ్రెగ్ ఆపగా అది పైకి లేచింది. గ్రెగ్ దానిని పట్టుకోబోతుండగా లాఫ్ట్‌హౌస్ పరుగున వచ్చి భుజంతో గుద్దారు. మనిషీ బంతీ కలిసి గోలులో పడ్డాయి. గ్రెగ్ కొంతసేపు లేవలేదు. రిఫరీ గోలు ఇచ్చారు. గోల్‌కీపర్‌ను భుజంతో నెట్టడం ఆనాటి నిబంధనలలో పూర్తిగా తప్పు కాదు. కాని ఈ గ్రెగ్ ఎవరు? మ్యూనిక్‌లో మండుతున్న విమానంలోకి తిరిగి వెళ్ళి పసిబిడ్డను, తోటి ఆటగాళ్ళను బయటికి లాగినవాడు. బోల్టన్ 2-0తో కప్పు గెలిచింది గాని, ఆ గోలు మాత్రం జనం నోళ్ళలో నానింది. వియన్నాలో వీరుడిని చేసిన ఆ ఢీకొట్టే ఆటే ఇక్కడ నింద తెచ్చింది. తర్వాతి కాలంలో లాఫ్ట్‌హౌస్ దాపరికం లేకుండా అది ఫౌలేనని ఒప్పుకున్నారు. గ్రెగ్ కూడా పగ పెట్టుకోలేదు. ఇద్దరూ స్నేహితులయ్యారు.

ఆ ఏడాది స్వీడన్‌లో జరిగిన ప్రపంచ కప్పుకు సెలెక్టర్లు ఆయనను తీసుకువెళ్ళలేదు. టేలర్ లేని లోటును పూడ్చగలవాడు ఇంట్లో కూర్చున్నాడని అప్పట్లో విమర్శ వచ్చింది. అక్టోబరులో మళ్ళీ పిలిచారు. సోవియట్ యూనియన్‌పై తన ముప్ఫయ్యో గోలు చేశారు. వయస్సు 33. నవంబరులో వేల్స్‌పై ఆడినది ఇంగ్లండు తరఫున ఆఖరి ఆట.

గాయాలతో 1960లో ఆట మానినా క్లబ్బు మానలేదు. 1961లో సహాయ శిక్షకుడిగా చేరారు. 1968లో మేనేజరయ్యారు గాని ఆ కుర్చీ ఆయనకు అచ్చిరాలేదు. గోళ్ళు చేయడం వేరు, చేయించడం వేరు. రెండేళ్ళకు వదులుకున్నారు. కొత్త ఆటగాళ్ళను వెతికే పనీ చేశారు, ఆఫీసు పనులూ చూశారు. 1986లో క్లబ్బు అధ్యక్షుడయ్యారు. మరుసటి ఏడే బోల్టన్ చరిత్రలో మొదటిసారి నాలుగో డివిజనుకు పడిపోయింది. అప్పుడూ ఆయన పోలేదు. 1989లో పట్టణం ఆయనకు పౌర గౌరవం ఇచ్చింది. 1994లో ప్రభుత్వం ఓ.బి.ఇ. బిరుదునిచ్చింది.

1997లో క్లబ్బు బర్న్‌డెన్ పార్క్ వదిలి కొత్త స్టేడియానికి మారింది. అక్కడ తూర్పు వైపు స్టాండుకు లాఫ్ట్‌హౌస్ పేరు పెట్టారు. 2011 జనవరి 15న, 85 ఏళ్ళ వయస్సులో, బోల్టన్‌లోనే నిద్రలో కన్నుమూశారు. రెండేళ్ళకు స్టేడియం బయట ఆయన కంచు విగ్రహం నిలిపారు. ముప్ఫై ముగ్గురు చనిపోయిన పాత మైదానం ఇప్పుడు లేదు. ఆ స్థలంలో పెద్ద దుకాణం వెలిసింది. మృతుల స్మారక ఫలకం ఒకటి అక్కడి గోడకు అమర్చారు.