ఫుట్‌బాల్ గురువు రహీం

నంద్యాలలోనైనను, ఆళ్లగడ్డలోనైనను బడి గంట మ్రోగగానే బాలురు బంతి తీసికొని మైదానమునకు పరుగెత్తుదురు. అట్టి పరుగును చూచి ఎవరు మేటి ఆటగాండ్రు కాగలరో పసిగట్టగల ఉపాధ్యాయుడొకడు పూర్వము హైదరాబాదు నగరమున నుండెను. ఆయనయే సయ్యద్ అబ్దుల్ రహీం.

రహీం 1909వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన జన్మించెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదువుచు అచ్చటి ఫుట్‌బాల్ జట్టులో పేరు పొందెను. పిమ్మట కాచిగూడ, చాదర్‌ఘాట్ మొదలగు చోట్ల పాఠశాలలలో పనిచేసెను. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శియై, తుదివరకు ఆ బాధ్యతను మోసెను.

ఆ కాలమున మన ఆటగాండ్రు పలువురు వట్టికాళ్లతో ఆడెడివారు. బంతిని తమ కాళ్లకడనే ఉంచుకొని, ఎదిరివారిని తప్పించుచు ఒంటరిగా సాగుటయే నేర్పని తలచెడివారు. రహీమునకు ఇది నచ్చలేదు. పదునొకండుగురు ఆడు ఆటలో ఒక్కని విన్యాసమెంతసేపు నిలుచును? కావున ఆయన వింత పోటీలు పెట్టెను. ఒకదానిలో బంతిని ఒక్కమారు తాకి తోడివానికి అందింపవలెను. మరియొకదానిలో అలవాటు లేని కాలితోనే తన్నవలెను. తడబడువారిని చూచి జనులు నవ్వియుందురు. కాని ఆయన తీర్చిదిద్దిన నగర పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు ఐదేండ్లు వరుసగా బొంబాయి రోవర్స్ కప్పును గెలిచెను.

సికింద్రాబాదు చెంతనున్న అమ్ముగూడలో పేదయింట పుట్టిన తులసీదాస్ బలరాం శిక్షణకు వచ్చుటకు పైకము లేక వెనుదీయగా, సైకిలు అద్దెను రహీమే ఇచ్చెను. ఆ బాలుడే పిదప దేశమునకు ఆడెను.

రహీం శిక్షణలో భారత జట్టు 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలయందు ఇరానును ఓడించి స్వర్ణమును పొందెను. మరుసటి యేడు హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో చిత్తుగా ఓడెను. ఆ పరాభవము పిదపనే మనవారికి బూట్లు తప్పనిసరి యయ్యెను. 1956లో మెల్బోర్నున ఆస్ట్రేలియాను 4-2 తేడాతో గెలిచి, ఒలింపిక్స్ సెమీఫైనలు చేరిన తొలి ఆసియా జట్టుగా నిలిచెను. 1960లో కుమారుడు హకీం రోము జట్టులో నుండినను, తండ్రి ఆయనను ఒక్క ఆటలోనైన దింపలేదు.

1962లో జకార్తా ఆసియా క్రీడలు జరిగెను. ఇజ్రాయిల్, తైవాను జట్లను రానీయలేదని భారతీయ అధికారి యొకరు విమర్శింపగా, అచ్చటి జనులకు మనవారిపై ఆగ్రహము కలిగెను. మొదటి ఆటలోనే మన జట్టు దక్షిణ కొరియాకు ఓడెను. రెండవ ఆటలో రక్షకుడు జర్నైల్ సింగు తలకు గాయమై కుట్లు పడెను. వేరొకరైనచో ఆతనిని విశ్రాంతికి పంపియుందురు. రహీం, తలకు కట్టుతోనున్న ఆతనిని ముందువరుసకు మార్చెను! సెమీఫైనలులో ఆతడు గోలు చేసెను.

సెప్టెంబరు 4న తుది పోటీ. ఎదుట మరల దక్షిణ కొరియాయే. జ్వరముతో బాధపడుచున్న గోలుకీపరు తంగరాజును రహీం ధైర్యముగా దింపెను. కిక్కిరిసిన ప్రేక్షకులు మనవారిని గేలి చేయుచుండిరి. పదునేడవ నిమిషమున పి. కె. బెనర్జీ, ఇరువదవ నిమిషమున జర్నైల్ గోళ్లు చేసిరి. ఆట ముగియవచ్చుచుండగా కొరియా ఒక గోలు తీర్చినను, 2-1 తేడాతో స్వర్ణము మనదయ్యెను.

తిరిగివచ్చిన తొమ్మిది నెలలకు, 1963 జూను 11న, రహీం క్యాన్సరు వ్యాధితో కన్నుమూసెను. జకార్తా పిమ్మట ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారతదేశమునకు మరల స్వర్ణము దక్కలేదు.